వన్‌టౌన్‌లో దీక్షబట్టల కొట్టు: ఐదుకి నాలుగు

కార్తీకంలో మా తమ్ముడు భవానీ మాల వేసుకుంటానంటే బట్టల కోసం విజయవాడ వన్‌టౌన్ వెళ్లాం. కాళేశ్వరరావు మార్కెట్ దగ్గర ఇరుకు సందులో చిన్న కొట్టు. ఎర్ర పంచెలు, కండువాలు చాప మీద దొంతరలుగా పేర్చి ఉన్నాయి. మాలలు మాత్రం కింద పెట్టరు. ఇత్తడి పళ్లెంలో పసుపు గుడ్డ పరిచి, తలకంటే ఎత్తున ఉన్న అరలో ఉంచారు.

పంచెకి బేరమాడితే తగ్గించాడు. మాల దగ్గరికొచ్చేసరికి, "దీనికి బేరం వద్దమ్మా, మీకు తోచింది ఇవ్వండి" అన్నాడు. నేను డిగ్రీ పిల్లలకి సోషియాలజీ చెప్తాను. పవిత్రం, లౌకికం అంటూ ఫ్రెంచి సోషియాలజిస్టు దుర్ఖైమ్ 1912లో చూపించిన తేడాని ఏటా బోర్డు మీద రెండు గళ్లు గీసి చెప్పేదాన్ని. ఈ ఏడు ఆ చాప, ఆ పళ్లెం గురించి చెప్పాను. పిల్లలకి వెంటనే ఎక్కింది.

నా పక్కన ఖాకీ చొక్కాతో ఆటో డ్రైవరు, వెనక మెడలో బ్యాంకు కార్డుతో ఒకాయన. కుర్రాడు ఇద్దర్నీ ఒకే మాటతో పిలిచాడు: "భవానీ, ఎన్ని జతలు?" మాల ఇంకా పడనేలేదు, పిలుపు మాత్రం అప్పుడే మారిపోయింది.

మా అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ కూడా మాల వేశాడు. రోజూ అతన్ని "ఒరేయ్" అనే పెద్దాయన ఆ 41 రోజులూ వంగి అతని కాళ్లకి దండం పెట్టాడు. దుర్గమ్మ కొండ మీద ఇరుముడి సమర్పించి మాల తీసిన మూడో రోజున మళ్లీ "ఒరేయ్" వినపడింది. నాకు కడుపులో దేవినట్టయింది. మాంసం, మందు మానేసి, పై కులాల ఆచారాలు పట్టిన కులం ఒకటి రెండు తరాల్లో ఓ మెట్టు ఎక్కగలదని 1952లో సోషియాలజిస్టు ఎం.ఎన్. శ్రీనివాస్ కర్ణాటకలోని కూర్గుల గురించి రాస్తూ అన్నారు. మండల దీక్షకి అంత వ్యవధి ఎక్కడిది?

సంక్రాంతికి పిల్లల బట్టలకని ఆ వాచ్‌మనే ఆ కొట్టుకి వెళ్లాడట. మెడలో మాల లేదు. కుర్రాడు గుర్తుపట్టి "రండి భవానీ" అన్నాడని రెండుసార్లు చెప్పాడు నాకు.

ఒక మార్కు తగ్గించింది రంగు దిగినందుకు. మొదటి ఉతుకులో మా తమ్ముడి తెల్ల తువ్వాలు గులాబీ రంగుకి తిరిగింది, విడిగా ఉతుక్కోండి. సాయంత్రాలు సందులో బండి పట్టదు, మార్కెట్ దగ్గరే ఆపి నడిచి వెళ్లండి.