ఆటల అంగడిలో పనిముట్టు: స్టీమ్‌లో సాఫ్ట్‌వేరు ప్రచురణపై సమీక్ష

స్టీమ్ అనగానే ఎవరికైనా ఆటలే గుర్తుకు వస్తాయి. వాల్వ్ సంస్థ 2003 సెప్టెంబరులో మొదలుపెట్టిన ఈ డిజిటల్ దుకాణంలో 2012 అక్టోబరు నుంచి ఆటలు కాని సాఫ్ట్‌వేరు కూడా దొరుకుతోంది. తొలి విడతలో బొమ్మలు గీసే ఆర్ట్‌రేజ్, కంప్యూటరు సత్తాను కొలిచే త్రీడీమార్క్, ఆటలు తయారుచేసుకునే గేమ్‌మేకర్ వంటివి వచ్చాయి. మా ముగ్గురు మిత్రుల బృందం కూడా ఒక చిన్న పనిముట్టును అక్కడ అమ్మకానికి పెట్టింది. తెలుగు, కన్నడం వంటి లిపుల్లోని ఒత్తులూ గుణింతాలూ ఆట తెరపై విడివిడిగా చెదిరిపోకుండా, కూడిన అక్షరాలను ముందుగానే బొమ్మలుగా మార్చి ఆట తయారుచేసేవారికి అందించడమే దాని పని. ఆ అనుభవంతో, కొనేవారి వైపు నుంచి కాక అమ్మేవారి వైపు నుంచి ఈ సేవ ఎలా ఉందో రాస్తున్నాను.

ప్రవేశం ఇప్పుడు కష్టం కాదు. ఒకప్పుడు గ్రీన్‌లైట్ పేరుతో వినియోగదారుల ఓట్లు పడితే తప్ప లోపలికి రానిచ్చేవారు కాదు. 2017 జూన్‌లో దాన్ని ఎత్తివేసి స్టీమ్ డైరెక్ట్ పద్ధతి తెచ్చారు. ఒక్కో ఉత్పత్తికి 100 డాలర్లు కట్టాలి, ఆ ఉత్పత్తి అమ్మకాలు 1,000 డాలర్లు దాటితే ఆ సొమ్ము తిరిగి వస్తుంది. గుర్తింపు పత్రాలు, బ్యాంకు వివరాలు, పన్ను పత్రాలు ఇచ్చి రుసుము కట్టాక కనీసం 30 రోజులు ఆగాలి. ‘త్వరలో వస్తుంది’ అనే పేజీని కనీసం రెండు వారాల పాటు జనానికి కనిపించేలా ఉంచాలి. ఈ గడువులను చూసి మొదట విసుగు కలిగింది గానీ, పేజీకి కావలసిన బొమ్మల పట్టిక చూశాక ఆ నెల రోజులూ చాలవేమో అనిపించింది. లైబ్రరీలో కనిపించే 600×900 నిలువు బొమ్మ, 3840×1240 అడ్డ బొమ్మ, రకరకాల కొలతల్లో మరికొన్ని, వాటితో పాటు కనీసం ఐదు తెరపట్టులు ఇవ్వాలి. రాక్షసుడో రాజకుమారో ఉన్న ఆటకైతే ఇవి పండుగే. మా దాంట్లో ఉన్నవల్లా నాలుగు గడులు, ఒక జాబితా, అక్షరాలు నిండిన ఒక నల్లని పలక. చివరికి ‘క్ష్మి’ అనే అక్షరాన్ని పెద్దదిగా వేసి, దాన్నే కథానాయకుణ్ణి చేశాం.

ఈ సేవలో నన్ను నిజంగా మెప్పించినది స్టీమ్‌పైప్. బిల్డ్‌ను, అంటే విడుదలకు సిద్ధం చేసిన ప్రోగ్రాం రూపాన్ని, వాల్వ్ సర్వర్లకు పంపే ఏర్పాటుకు అది పేరు. మన ఫైళ్లను డిపోలు అనే కట్టలుగా విభజించుకుని, కమాండు వరుస (కమాండ్ లైన్) నుంచి పంపితే, అది వాటిని సుమారు ఒక మెగాబైటు ముక్కలుగా కోసి, పాత బిల్డ్‌తో పోల్చి, మారిన ముక్కలను మాత్రమే పైకి పంపుతుంది. కొన్నవారి కంప్యూటరుకు కూడా ఆ ముక్కలే దిగుతాయి. మేము మొదట దీని విలువ గ్రహించలేదు. ఫాంట్లూ నమూనాలూ అన్నీ ఒకే జిప్ ఫైలులో కుక్కి పంపడం వల్ల, ఒక చిన్న ఫాంటు మార్చినా ఆ జిప్ అంతా కొత్తదైపోయి, వాడేవారు ప్రతిసారీ 300 మెగాబైట్లకు పైగా దింపుకోవలసి వచ్చేది. తప్పు పూర్తిగా మాదే. అలా చేయవద్దని, అమ్మేవారి కోసం వాల్వ్ నడిపే స్టీమ్‌వర్క్స్ పత్రాల్లో రాసే ఉంది. జిప్ విప్పి ఫైళ్లను విడిగా ఉంచిన మరుసటి సవరణ నాలుగు మెగాబైట్లలో ముగిసింది. పైగా, రహస్యపదం పెట్టిన బీటా శాఖ (పరీక్ష కోసం విడిగా ఉంచే వెర్షన్) ఒకటి తెరిచి, కొత్త మార్పులను ముందుగా పదిమందికి చూపించి, వారు బాగుందన్నాక ఒక్క నొక్కుతో అందరికీ విడుదల చేయవచ్చు. ఆ మార్పు వికటిస్తే పాత బిల్డ్‌కు వెనక్కి వెళ్లడం కూడా అంతే సులభం. సొంత సైటులో ఇంత వ్యవస్థ కట్టుకోవాలంటే ముగ్గురిలో ఒకరు ఆ పనికే అంకితం కావాలి.

జనం కూడా ఈ సౌకర్యానికి డబ్బు ఇస్తారనడానికి మంచి ఉదాహరణలు ఉన్నాయి. బొమ్మలు గీసే క్రిటా దాని సొంత సైటులో ఉచితం, స్టీమ్‌లో మాత్రం ధర ఉంది; కొనేవారు స్వయంచాలకంగా వచ్చే సవరణల కోసం, ఆ ప్రాజెక్టుకు ఆసరాగా ఉండటం కోసం కొంటారు. పిక్సెల్ బొమ్మల ఏస్‌ప్రైట్ మూలసంకేతం (సోర్స్ కోడ్) కూడా బహిరంగంగానే ఉంది, ఓపిక ఉన్నవారు దాని నుంచి ప్రోగ్రాంను స్వయంగా కంపైల్ చేసుకోవచ్చు. అయినా స్టీమ్‌లో కొనేవారికి కొదవ లేదు.

ఇక ఇబ్బంది ఎక్కడంటే, ఈ దుకాణం ప్రతి వస్తువునూ ఆటగానే చూస్తుంది. సమీక్ష రాసినవారి పేరు పక్కన ఎన్ని గంటలు వాడారో కనిపిస్తుంది. ఆటకు అది మంచి గుర్తు; మా పనిముట్టు బాగా పనిచేసిందంటే వాడేవారు పది నిమిషాల్లో పని ముగించుకుని వెళ్లిపోవాలి. 0.6 గంటల వాడకంతో ‘చాలా ఉపయోగపడింది’ అని ఒకరు రాస్తే, చదివేవారు దాన్ని తొందరపాటు మెప్పుగా భావించే ప్రమాదం ఉంది. తిరుగు చెల్లింపు నియమం కూడా ఇలాంటిదే. కొన్న 14 రోజుల లోపు, రెండు గంటల కంటే తక్కువ వాడితే డబ్బు వెనక్కి తీసుకోవచ్చు. పదుల గంటల ఆటకు ఆ రెండు గంటలు రుచి చూడటమే అవుతుంది. ఒకే ఒక పని కోసం కొనే సాఫ్ట్‌వేరుకు ఆ రెండు గంటల్లో భోజనం మొత్తం అయిపోతుంది. నియమం అన్యాయమని నేననను, కొనేవారిగా నాకూ అది కావాలి. కానీ ఒక్కసారి వాడి పక్కన పెట్టే తరహా పనిముట్టు తయారుచేసినవారు ధర నిర్ణయించే ముందే ఈ లెక్క వేసుకోవాలి.

మరో లోటు వెర్షన్లది. పాత వెర్షన్ కొన్నవారికి తగ్గింపు ధరలో కొత్తది ఇవ్వడం సాఫ్ట్‌వేరు వ్యాపారంలో పాత అలవాటు. ఇక్కడ దానికంటూ నేరుగా దారి లేదు. అందుకే ఆటలు తయారుచేసుకునే ఆర్‌పీజీ మేకర్‌కు ఒక్కో తరానికి ఒక్కో పేజీ కనిపిస్తుంది. త్రీడీ బొమ్మలకు రంగులద్దే అడోబీ వారి సబ్‌స్టాన్స్ పెయింటర్ ఏడాదికొక వస్తువుగా వస్తుంది. పాత, కొత్త వెర్షన్లు రెంటినీ ఒక బండిల్‌లో (కలిపి అమ్మే మూటలో) కట్టి, ఒకటి ఉన్నవారికి రెండోదానిపై రాయితీ వచ్చేలా చేయడమే మిగిలిన ఉపాయం.

లైసెన్సు సంగతి చాలామంది గమనించరు. స్టీమ్ చందాదారు ఒప్పందం ప్రకారం, వేరుగా అనుమతి ఇస్తే తప్ప, కొన్న వస్తువు వ్యక్తిగత, వాణిజ్యేతర వాడకానికే. ఆటకు ఇందులో చిక్కు లేదు. పని చేసి డబ్బు సంపాదించుకోవడానికే కొనే సాఫ్ట్‌వేరుకు మాత్రం ఇది ముఖ్యమైన వాక్యం. ఒక చిన్న స్టూడియో ఉద్యోగి ‘మా ఆఫీసు పనికి వాడవచ్చా’ అని అడిగేదాకా మాకు ఆ ఆలోచనే రాలేదు. వెంటనే మా సొంత వినియోగ ఒప్పందం రాసి పేజీకి జతచేశాం. పది కంప్యూటర్లకు ఒకే బిల్లుపై కావాలన్న సంస్థకు మాత్రం, వ్యక్తుల ఖాతాలకు అతుక్కుని ఉండే ఈ పద్ధతిలో ఇవ్వగలిగింది తక్కువ. వారికి సొంత సైటు నుంచి అమ్మడమే మేలు. నకలు చేయకుండా అడ్డుకునే స్టీమ్ రక్షణ తొడుగు వాడి తీరాలన్న నిర్బంధం లేదు కాబట్టి మేము దాన్ని తీసేశాం, ఒకసారి దింపుకున్నాక స్టీమ్ తెరవకుండానే మా ప్రోగ్రాం నడుస్తుంది.

కాబట్టి ఎవరికి సరిపోతుందన్నది వాడేవారు ఎక్కడ ఉన్నారన్నదానిపైనే ఆధారపడుతుంది. కంప్యూటరు తెరకు కదిలే వాల్‌పేపర్లు పెట్టే వాల్‌పేపర్ ఇంజిన్ ఇక్కడ వర్ధిల్లిందంటే, వాడేవారే స్టీమ్ వర్క్‌షాప్ అనే పంపకపు విభాగంలో తమ వాల్‌పేపర్లు పెట్టుకునే వీలు ఉండటం, వారంతా సాయంత్రం ఎలాగూ స్టీమ్ తెరిచే మనుషులు కావడం అందుకు కారణాలు. మన ముఖకవళికలతో బొమ్మ పాత్రను కదిలించే వీట్యూబ్ స్టూడియో, ఆట దృశ్యాన్ని తెరకు తగ్గట్టు పెంచే లాస్‌లెస్ స్కేలింగ్, వీఆర్ కళ్లద్దాల కోసం వచ్చే సహాయక ప్రోగ్రాములూ అదే కోవలోనివి. కిరాణా కొట్టు లెక్కల సాఫ్ట్‌వేరు రాసినవారికి మాత్రం నేనిది సిఫారసు చేయను.

డబ్బు లెక్క చూద్దాం. మన దేశంలో 2015 నుంచి ధరలు రూపాయల్లో కనిపిస్తున్నాయి, ఆ ధరలో 18 శాతం జీఎస్‌టీ కలిసే ఉంటుంది. 590 రూపాయలకు అమ్మితే పన్ను పోగా 500 మిగులుతుంది, అందులో వాల్వ్ వాటా 30 శాతం పోగా మనకు 350. కోటి డాలర్ల అమ్మకాలు దాటితే ఆ వాటా 25 శాతానికి, ఐదు కోట్లు దాటితే 20 శాతానికి తగ్గుతుంది. మాలాంటివారికి అది పక్క ఊరి పెళ్లి ముచ్చట. ఇచ్.ఐఓ (itch.io) అనే మరో ఆటల దుకాణంలో దుకాణం వాటా ఎంతో అమ్మేవారే నిర్ణయించుకోవచ్చు, మనం ఏదీ మార్చకపోతే అది 10 శాతమే. కానీ మా అనుభవంలో మనుషులు వెతుక్కుంటూ వచ్చింది స్టీమ్‌కే. అమెరికాలో జరిగిన అమ్మకాలపై పన్ను కోత ఉంటుంది. పన్ను పత్రంలో పాన్ నంబరు ఇచ్చి, రెండు దేశాల ఒప్పందాన్ని ఎంచుకుంటే 30 శాతానికి బదులు 15 శాతమే కోస్తారు; ఆ గడి నింపకుండా దాటేయకండి. బకాయి 100 డాలర్లు చేరాకే సొమ్ము పంపుతారు, అది డాలర్లలో మన బ్యాంకుకు వస్తుంది.

మా తొలి చెల్లింపు వచ్చినప్పుడు, ఎందుకు వచ్చిన సొమ్మో తేలేదాకా మా బ్యాంకు శాఖ దాన్ని ఐదు రోజులు ఆపింది. “సార్, ఇది గేముల డబ్బా?” అని అక్కడి ఉద్యోగి అడిగారు. సాఫ్ట్‌వేరు ఎగుమతి అని రాసి, స్టీమ్‌వర్క్స్ ఇచ్చిన నెలవారీ నివేదికను ముద్రించి ఇచ్చాక ఖాతాలో జమ చేశారు. ఆ సొమ్ములోంచే ఈ నెల మరో 100 డాలర్లు కట్టాం; మలయాళం, ఒడియా లిపులు చేర్చిన రెండో వెర్షన్ కొత్త పేజీగా వస్తుంది, మొదటిది కొన్నవారికి బండిల్‌లో సగం ధర.