‘బంగారు టోనింగ్ చేసిన సాల్ట్ ప్రింట్’ అని అమ్ముతున్నారు, కుంచె గీతలు చూసి మోసపోకండి

మా అమ్మమ్మ, తాతయ్యల పెళ్ళి ఫొటో ఇంట్లో ఒక్కటే ఉందండి. గోదావరి వరదకి తడిసి ఒక అంచు పోయింది. దాన్ని స్కాన్ చేయించి, ఆన్‌లైన్‌లో ఒకాయన చేత రెండు సాల్ట్ ప్రింట్లు (ఉప్పు, వెండి మందు పట్టించిన కాగితం మీద ఎండలో తీసే పాతకాలపు ఫొటోలు) చేయించాను: ఒకటి పాలకొల్లులో మాకు, ఒకటి నరసాపురంలో అక్కకి. చేత్తో వెండి మందు పూసి, బంగారంతో టోన్ చేస్తానన్నాడు, అంటే బంగారం కలిసిన మందులో ముంచి బొమ్మ ఛాయ మార్చడం. రెండింటికీ 7,200 రూపాయలు ముందే కట్టించుకున్నాడు.

ఫ్రేము కట్టించేముందు రెండూ మంచం మీద పక్కపక్కన పెట్టి చూశాను. బొమ్మ చుట్టూ మందు పూసినప్పుడు పడ్డట్టు కుంచె గీతలున్నాయి. ఎడమ వైపు కింద ఒక వెంట్రుక విడిగా లాగిన సన్నగీత. రెండోదాంట్లోనూ అదే చోట, అదే వంపు. చేత్తో పూస్తే ఒకే గీత రెండుసార్లు ఎలా పడుతుందండి? గడియారాలు బాగుచేసే బాబాయిగారి దగ్గర కంటద్దం తెచ్చి అమ్మమ్మ ముక్కుపుడక మీద పెట్టాను. నీలం, గులాబి, పసుపు చుక్కలు! కంప్యూటర్లో గోధుమరంగు వేసి, గరుకు కాగితం మీద ఇంక్‌జెట్‌లో తీసిన ప్రింటది. ఆ కుంచె గీతలు కూడా ప్రింటరు వేసినవే. చాలాసేపు అక్కడినుంచి లేవలేకపోయాను.

నేను సయనోటైప్‌లు (ఎండలో తీసే నీలిరంగు ఫొటో ప్రింట్లు) చేసుకుంటాను కాబట్టి కాస్త తెలుసు. అసలు సాల్ట్ ప్రింటుకి కాగితాన్ని ఉప్పునీళ్ళలో తడిపి ఆరబెట్టి, సిల్వర్ నైట్రేట్ పూసి, బొమ్మంత నెగెటివ్ పైన పెట్టి ఎండలో ఉంచుతారు. తర్వాత కడిగి గోల్డ్ క్లోరైడ్‌లో టోన్ చేసి, ఆపైన హైపోలో, అంటే బొమ్మని కాగితం మీద నిలిపే మందులో వేస్తారు. బంగారం పట్టకపోతే హైపోలో ఎర్ర ఇటుక రంగుకి తిరుగుతుంది. పడితే నీడలు నేరేడుపండు ఛాయకి వస్తాయి, బొమ్మ త్వరగా వెలిసిపోదు కూడా. మన గోదావరి తీరం తేమకి అదే ముఖ్యం. నాకొచ్చినవాటిలో పంచె తెలుపు నుంచి జుట్టు నలుపు దాకా ఒకటే టీ రంగు. అది చూసినప్పుడే అనుమానం రావాల్సింది, గోధుమరంగు కనబడగానే పాతకాలపు ప్రింటే అనుకున్నాను.

అడిగితే “చూడ్డానికి అలాగే ఉంది కదా, చేతిపనికి రిటర్న్ లేదు” అన్నాడు. చేతిపనే కాదుగా! వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు ఇచ్చాను.

డబ్బు కట్టేముందు మీ ఫొటోకి తీసిన నెగెటివ్, టోనింగ్‌కి ముందూ తర్వాతా తడి ప్రింటు వీడియో పంపమనండి. నిజంగా చేసేవాళ్ళు సంతోషంగా పంపుతారు. పార్సిల్ విప్పేటప్పుడు వీడియో తీసుకోండి. అసలు ఫొటో మాత్రం ఎవరికీ పోస్టులో పంపొద్దండి, స్కాన్ చాలు. ఇప్పటికే కొన్నవాళ్ళుంటే రిటర్న్ గడువు దాటకముందే, ఇవాళే ఒక భూతద్దం పెట్టి చూడండి.