మైపాడు ఒడ్డున పారామోటార్ బృంద విహారం: ఎగిరేది 40 నిమిషాలు, మిగతా పనంతా నేల మీదే

నెల్లూరు జిల్లా మైపాడు తీరంలో జనవరి నుంచి మార్చి దాకా ఆదివారాలు జరిగే ఈ విహారం అందరికీ కాదు. పారామోటార్ అంటే వీపున ప్రొపెల్లరు ఇంజను, తల మీద పారాచూట్ లాంటి గుడ్డ రెక్క (వింగ్) పెట్టుకుని ఎగిరే సాధనం. వెనక సీట్లో కూర్చోబెట్టి ఒక చుట్టు తిప్పి, వీడియో చేతిలో పెట్టే వ్యవహారం అనుకుని వెళ్తే నిరాశే. సొంత ఇంజను, సొంత వింగ్ ఉండి ఒంటరిగా ఎక్కి దిగడం వచ్చినవాళ్లు ఎనిమిది పదిమంది కలిసి ఎగిరే ఏర్పాటు ఇది. జీపు, టిఫిను, నీళ్ల ఖర్చు తలా ఇంత పంచుకుంటారు. పెట్రోలు ఖర్చు ఎవరిది వాళ్లదే. పోలీసులకు, మెరైన్ స్టేషనుకు ఇవ్వాల్సిన కాగితాలు నిర్వాహకులే చూసుకుంటారు. దక్షిణాన శ్రీహరికోట ఉంది కాబట్టి రాకెట్ ప్రయోగం ఉన్న రోజుల్లో ఎగరడం అనే మాటే రాదు.

వీళ్లలో మెచ్చుకోవాల్సింది గాలిని చదివే పద్ధతి. తెల్లవారుజామున మన తీరంలో గాలి నేల మీంచి సముద్రంలోకి వీస్తుంది. గాలికి ఎదురుగా పరిగెత్తితేనే వింగ్ లేస్తుంది కాబట్టి, ఆ వేళ సముద్రానికి వీపు పెట్టి సరుగుడు తోటల వైపు పరిగెత్తాలి. చిక్కంతా అక్కడే. తోట దాటి వచ్చే గాలి సుళ్లు తిరుగుతుంది. చెట్టు ఎత్తుకు పదింతల దూరం దాకా ఆ సుడి ఉండొచ్చు; 10 మీటర్ల సరుగుడుకు 100 మీటర్లు. ఇసుక అంత వెడల్పు లేనిచోట వింగ్ తల మీదికొచ్చి ఒక పక్క ముడుచుకుపోతుంది. అందుకే జనం చేరే చోటు వదిలేసి, కాస్త ఉత్తరంగా తోటల మధ్య సందు ఉన్న చోట విండ్‌సాక్ (గాలి దిక్కు చూపే గుడ్డ గొట్టం) పాతుతారు. దాని పక్కనే నడుం ఎత్తు కర్రకు రిబ్బను కడతారు. రెండూ ఒకే దిక్కు చూపించకపోతే ఎవరూ ఇంజను తిప్పరు.

పది, పదకొండు మధ్య రిబ్బను చచ్చినట్టు వేలాడి, కాసేపటికి పడమటి వైపు తిరిగితే సముద్రపు గాలి మొదలైనట్టు. ఆ మార్పు జరిగే వేళ ఎవరినీ ఎక్కనివ్వరు. అప్పటికే పైనున్నవాళ్లను రేడియోలో దిగమంటారు. ఈ ఒక్క నియమం విషయంలో మొహమాటం లేదు. గాలి గంటకు 15 కిలోమీటర్లు దాటితే కొత్తవాళ్లు, 20 దాటితే అందరూ వింగులు మడత పెట్టాల్సిందే. ‘ఏందబ్బా, ఇంత దూరం వచ్చి ఎగరకుండా పోవాల్నా’ అని గొణిగేవాళ్లు ప్రతిసారీ ఉంటారు. వాళ్లకు టీ ఇచ్చి పక్కన కూర్చోబెడతారు, అంతే.

ఇంజను దగ్గర క్రమశిక్షణ కూడా గట్టిదే. పారామోటార్‌తో వేళ్లు పోయేది ఎక్కువగా గాలిలో కాదు, నేల మీద. ఇంజను జోరు పెంచే థ్రాటిల్ తీగ ఎక్కడో పట్టేసి ఉంటుంది, స్టార్టరు తాడు లాగగానే ఇంజను పూర్తి జోరుతో లేచి మీదికొస్తుంది. ఇక్కడ ‘క్లియర్’ అని అరిచి, జవాబు వినిపించాకే తాడు లాగాలి. ప్రొపెల్లరు తిరిగే తలంలో, అంటే సరిగ్గా పక్కన, మనిషి నిలబడకూడదు. తాడుతో హద్దు కట్టి పిల్లలను 30 మీటర్ల అవతలే ఆపుతారు. కారబైనర్లు (వింగ్‌ను పట్టీలకు తగిలించే కొక్కేలు), కాలి పట్టీలు, రిజర్వ్ (అత్యవసర పారాచూట్) పిన్ను తనవి తాను చూసుకున్నాక పక్కవాడు మళ్లీ చూడాలి. అక్కడి స్నేహమంతా ఆ రెండో చూపులో ఉంది. వయసులో పెద్దాయన పట్టీని కూడా ఇరవై ఏళ్ల కుర్రాడు ‘అన్నా, ఒక్క నిమిషం’ అని లాగి చూస్తాడు, ఆయనేమీ అనుకోడు.

ముందు అనుభవజ్ఞుడు ఒకరు ఎక్కి గాలి ఎలా ఉందో చెబుతారు. తర్వాత నెమ్మది వింగులు, ఆ వెనక వేగం వింగులు, చివర్లో అందరినీ కనిపెట్టుకుని వచ్చే మనిషి. ముందువాడి వెనకే అదే ఎత్తులో పోతే అతని వింగ్ వదిలిన సుడిలో పడతాం. కనీసం 100 మీటర్లు వదలాలి, లేదా కాస్త పైన పక్కగా ఉండాలి. ఎదురెదురు వస్తే ఇద్దరూ కుడికే తిరగాలి.

దారి ఉత్తరాన పెన్న మొగ వైపు, సుమారు 10 కిలోమీటర్లు. గంటకు 38 కిలోమీటర్ల వింగ్‌కు గాలి లేకపోతే పావుగంట పైచిలుకు. మొగ దాకా పోనివ్వరు, అది సబబే. అక్కడి ఇసుక తిన్నెల మీదికి జీపు రాదు, ఇంజను ఆగితే 30 కిలోల బరువు వీపున మోసుకుని నడవాలి. దక్షిణానికి అసలు తిప్పరు: కృష్ణపట్నం రేవు, థర్మల్ కేంద్రాల పొగగొట్టాలు, హైటెన్షన్ తీగలు ఉన్నాయి.

సముద్రం మీద ఎంత దూరం పోవచ్చో చెప్పే లెక్క ప్రతి బ్రీఫింగులో వినిపిస్తారు. ఇంజను ఆగాక మీటరు దిగేలోపు 6 మీటర్లు ముందుకు పోతామనుకుంటే 100 మీటర్ల ఎత్తు నుంచి 600 మీటర్లు వస్తుంది. నేల గాలి ఎదురుగా గంటకు 12 కిలోమీటర్లు ఉంటే 38 వేగం 26కు పడి, ఆ 600 కాస్తా 410 అవుతుంది. అందుకే 100 మీటర్ల ఎత్తుకు ఒడ్డు నుంచి 200 మీటర్లే హద్దు. నీళ్లలో పడితే ఇంజను బరువు మనిషిని బోర్లా తిప్పేస్తుంది. వాటంతట అవే ఉబ్బే తేలుడు సంచులు లేనివాళ్లను అలల మీదికి పంపరు. ఆ సంచిలోని కరిగే గుళిక ఉప్పు గాలి తేమకే పాడవుతుంది. దాని తేదీ కూడా అడిగి చూస్తే ఇంకా బాగుండేది.

లోపలి వైపు దిగాల్సి వస్తే రొయ్యల చెరువులు పెద్ద ప్రమాదం. పైనుంచి చదునుగా, ఖాళీగా కనిపిస్తాయి. గట్ల వెంట, నీళ్లలోకి గాలి కొట్టే ఏరియేటర్లకు కరెంటు తీగలు, పక్షులు వాలకుండా చెరువు మీద అడ్డంగా కట్టిన సన్న దారాలు ఉంటాయి. దగ్గరికొచ్చేదాకా కంటికి ఆనవు. ఇసుక మీద కూడా అలివి వల (ఒడ్డు నుంచి లాగే పెద్ద వల) లాగే వేళ తాళ్లు పరచి ఉంటాయి, జాలర్లకు మనం అడ్డు కాకూడదు. ఈ రెండూ కొత్తవాళ్లకు మ్యాపు మీద చూపించి చెప్పడం ఈ బృందం దగ్గరే చూశాం.

ఇక నచ్చనివి. అందరికీ కలిపి ఒకే డబ్బాలో పెట్రోలు, ఆయిల్ కలపడం మానాలి. ఒక ఇంజనుకు 2 శాతం ఆయిల్ చాలు, ఇంకోదానికి 2.5 కావాలి, 5 లీటర్లకు 100 మిల్లీలీటర్లా 125నా అన్నది ఎవరి మాన్యువల్ చూసి వాళ్లు కలుపుకోవాలి. ఇప్పటి పెట్రోల్లోని ఇథనాల్ తేమ పీలుస్తుంది, కిందటి వారం మిగిలింది పోయకూడదు. 40 నిమిషాలకు 3 లీటర్ల లోపే కాలుతుంది, 5 పోసుకుంటే నిశ్చింత. రేడియోలు లైసెన్సు అక్కర్లేని 446 మెగాహెర్ట్‌జ్ అర వాటువి, బృందానికి సరిపోతాయి. కానీ గాల్లో కబుర్లు ఎక్కువ. దిగమనే మాట ఆ గోలలో కలిసిపోయే ప్రమాదం ఉంది.

కడుక్కోవడానికి మంచినీళ్లు చాలవు. కేజ్ (ప్రొపెల్లరు చుట్టూ ఉండే చట్రం), కారబైనర్లు, స్టార్టరు మీది ఉప్పు అక్కడే కడిగేయాలి కాబట్టి మనిషికి 20 లీటర్ల క్యాను సొంతంగా తెచ్చుకోవడమే మేలు. వింగ్‌ను మాత్రం తడపకుండా ఇసుక దులిపి నీడన ఆరనివ్వాలి.

తిండి సంగతి చెప్పాలంటే టిఫిను మామూలే; కారం దోసె చల్లారి వస్తుంది. మధ్యాహ్నం చేపల పులుసు మాత్రం ముందురోజు రాత్రి కాచి ఉంచింది, మామిడికాయ ముక్కలతో. ఎగరని ఆదివారం కూడా దానికోసం ఆగేవాళ్లున్నారు, ఆ రోజే ఇంజను విప్పి కార్బురేటరు డయాఫ్రమ్ మార్చడం లాంటి పనులు ఒకరికొకరు నేర్పుకుంటారు.

ఎగరాలా వద్దా అన్నది శనివారం రాత్రి ఒకసారి, ఆదివారం తెల్లవారుజామున మళ్లీ ఒకసారి చెబుతారు. నెల్లూరు వాళ్లకు ఇబ్బంది లేదు. కావలి, ఒంగోలు నుంచి వచ్చేవాళ్లు రెండో కబురు దాకా ఆగితే ఆలస్యమవుతుంది, ముందురోజు రాత్రే నెల్లూరులో దిగడం మంచిది.