ఆటలోని ఊరికి మేయరు ఒక్కరే చాలా, ఉద్యోగులను కూడా నియమించాలా: ఏది మేలు?

వేలమంది ఒకేచోట కలిసి ఆడే ఆన్‌లైన్ ఆటల్లో కొన్నింటిలో ఆటగాళ్లే స్థలం చూసుకుని, ఇళ్లు కట్టుకుని, పన్నులు వేసుకుని సొంతంగా నడుపుకునే ఊళ్లు ఉంటాయి. ఇళ్లు పది దాటేదాకా అలాంటి ఊరికి పరిపాలన అనే మాట అవసరం రాదు. ఇరవై, ముప్పై దాటాక మాత్రం కొత్తవారికి స్థలం ఎవరు చూపాలి, గొడవ పెట్టినవారిని ఎవరు బయటికి పంపాలి, ఖజానాలోని సొమ్ము ఎవరు తీయాలి అన్న ప్రశ్నలు ఒకదాని వెంట ఒకటి వస్తాయి. వాటికి జవాబుగా ఆటల తయారీదారులు, సర్వర్ యజమానులు ఇంతవరకూ ప్రయత్నించిన పద్ధతులు ప్రధానంగా మూడు: అంతా మేయరు చేతిలోనే ఉంచడం, అధికారం లేని బిరుదులు ఇవ్వడం, నిజమైన అధికారం గల పదవుల్లో మనుషులను నియమించడం. వీటిని పక్కపక్కన పెట్టి చూస్తే మూడోదే మేలని నా అభిప్రాయం. అయితే ఆ అధికారాన్ని ఎంత చిన్న ముక్కలుగా కోసి ఇస్తామన్న దానిమీదే దాని మంచిచెడులు ఆధారపడి ఉంటాయి.

మేయరు ఒక్కరే ఊరిని నడిపే పద్ధతికి స్టార్ వార్స్ గెలాక్సీస్‌ను మించిన ఉదాహరణ లేదు. 2003 జూన్‌లో మొదలై 2011 డిసెంబరులో మూతపడిన ఆ ఆటలోకి, మొదలైన ఏడాది చివర్లోనే ఆటగాళ్ల నగరాలు వచ్చాయి. అందులో పొలిటీషియన్ అనేది వైద్యం, దర్జీపని వంటి మరో వృత్తి. మేయరుగా ఉన్నకొద్దీ ఆ వృత్తిలో అనుభవం పెరిగేది. పౌరుల సంఖ్యను బట్టి నగరం అవుట్‌పోస్టు (చిన్న స్థావరం) నుంచి మెట్రోపాలిస్ (మహానగరం) దాకా అయిదు మెట్లు ఎక్కేది, దాని హద్దు కూడా 150 మీటర్ల వ్యాసార్ధంతో మొదలై 450 మీటర్ల దాకా విస్తరించేది. మూడు వారాలకు ఒకసారి ఎన్నిక జరిగేది. పన్నుల రేట్లు నిర్ణయించడం, బ్యాంకు, షటిల్‌పోర్టు (ప్రయాణ నౌకలు ఆగేచోటు), గ్యారేజీ వంటి ప్రజా కట్టడాలను నిలపడం, నగరానికి ఒక ప్రత్యేకతను ఎంచుకోవడం మేయరు పనులుగా ఉండేవి. వీటికి తోడు మిలీషియా అని కొందరిని మేయరు నియమించుకునే వీలుండేది. ఇబ్బంది పెట్టేవారికి నగర సేవలు అందకుండా నిషేధించే వీలు ఆ మిలీషియాకు ఉండేది.

ఈ ఏర్పాటులో నాకు బాగా నచ్చే గుణం స్పష్టత. పన్ను పెరిగితే ఎవరిని అడగాలో ప్రతి పౌరుడికీ తెలిసి ఉండేది, నచ్చకపోతే మూడు వారాల్లో ఓటుతో మార్చే దారీ ఉండేది. లోపం కూడా అక్కడే ఉంది. ఊరు పెరిగేకొద్దీ పని పెరుగుతుంది, పని చేసే చెయ్యి మాత్రం ఒక్కటే. కట్టడాల నిర్వహణ ఖర్చు ఖజానాలోంచి క్రమం తప్పకుండా పోతూనే ఉండేది కాబట్టి మేయరు పరీక్షల్లోనో, పెళ్లిపనుల్లోనో, ఉద్యోగపు ఒత్తిడిలోనో మునిగి నెలరోజులు కనిపించకపోతే, ఖర్చు ఆగేది కాదు గానీ నిర్ణయాలన్నీ ఆగిపోయేవి. గొడవలను ఆపడానికి మిలీషియా ఉండేది. ఊరిని నడపడానికి మేయరు తప్ప ఎవరూ ఉండేవారు కాదు. కావలివాడిని ఇచ్చి గుమాస్తాను ఇవ్వకపోవడమే ఆ రూపకల్పనలోని వెలితి అని నాకనిపిస్తుంది.

బిరుదుల పద్ధతికి అల్టిమా ఆన్‌లైన్‌ను చూడవచ్చు. అందులో బ్రిటన్, యూ, ట్రిన్సిక్ వంటి తొమ్మిది నగరాలకు ఆటగాళ్లే గవర్నర్లను ఎన్నుకుంటారు. గవర్నరు నగర ఖజానాతో వాణిజ్య ఒప్పందం కుదిర్చి పౌరులకు లాభం చేకూర్చగలరు, పౌరులకు బిరుదులు ఇవ్వగలరు. అయితే ఆ బిరుదు పేరు పక్కన కనిపించే గౌరవమే తప్ప దానివల్ల ఏ తాళమూ తెరుచుకోదు. దీన్ని తేలిగ్గా తీసిపారేయనక్కరలేదు. పాత్ర పోషణ మీద ఇష్టంతో ఆడేవారికి కొత్వాలు అనో, దండనాయకుడు అనో పిలిపించుకోవడమే సగం ఆనందం. బిరుదు ఇచ్చినందువల్ల ఖజానా ఖాళీ అయ్యే ప్రమాదమూ లేదు. కానీ పని భారాన్ని అది ఒక్క గ్రాము కూడా తగ్గించదు. కొత్తవాడు స్థలం కోసం దండనాయకుడి దగ్గరికి వెళితే, ఆయన కూడా గవర్నరు వచ్చేదాకా ఆగమని చెప్పవలసిందే.

ఇక నిజమైన అధికారంతో కూడిన నియామకాలు. ఐస్‌లాండ్‌లోని సీసీపీ సంస్థ 2003లో విడుదల చేసిన ఈవ్ ఆన్‌లైన్ ఈ దారిలో అందరికంటే దూరం వెళ్లింది. అక్కడ ఊరికి బదులు కార్పొరేషన్ అనే ఆటగాళ్ల సంస్థ ఉంటుంది, మేయరుకు బదులు సీఈవో ఉంటాడు. పరిపాలన సమస్యలు మాత్రం ఊరివే. డైరెక్టర్, అకౌంటెంట్, జూనియర్ అకౌంటెంట్, ఆడిటర్, పర్సొనెల్ మేనేజర్, ఫ్యాక్టరీ మేనేజర్ అంటూ ఒక్కో పనికి ఒక్కో అనుమతి ఉంటుంది. సంస్థ సొమ్ము ఏడు విభాగాలుగా, సరుకుల గిడ్డంగి మరో ఏడు విభాగాలుగా విడిపోయి ఉంటాయి. ఒక విభాగంలో ఏముందో చూసే అనుమతి వేరు, అందులోంచి తీసుకునే అనుమతి వేరు. కొన్ని అనుమతులను కట్టకట్టి ఒక పదవిగా చేసి, ఆ పదవిని ఎవరికైనా ఇవ్వవచ్చు. ఒక అనుమతిని వాడుకునే హక్కు, దాన్ని ఇంకొకరికి ఇచ్చే హక్కు కూడా వేర్వేరుగా ఉంటాయి. వందలమంది ఉన్న సంస్థలు ఏళ్ల తరబడి నిలిచి, కర్మాగారాలు నడిపి, యుద్ధాలు చేయగలిగాయంటే ఈ సూక్ష్మమైన విభజన పుణ్యమే అది.

అదే ఆటలో ఈ పద్ధతి ఎంత ఘోరంగా బెడిసికొట్టగలదో కూడా లోకం చూసింది. 2005లో గైడింగ్ హ్యాండ్ సోషల్ క్లబ్ అనే కిరాయి బృందం దాదాపు ఏడాదిపాటు ఒక పెద్ద కార్పొరేషన్‌లో తన మనుషులను చేర్చి, నమ్మకం సంపాదించి, పై పదవుల దాకా ఎక్కించి, చివరికి ఒకే రోజున గిడ్డంగులన్నీ ఖాళీ చేసి, సీఈవో అంతరిక్ష నౌకను కూడా కూల్చింది. పోయిన సొత్తు విలువను అప్పట్లో అసలు డబ్బులో సుమారు 16,500 డాలర్లుగా లెక్కగట్టారు. 2009 ఫిబ్రవరిలో బ్యాండ్ ఆఫ్ బ్రదర్స్ అనే కార్పొరేషన్ల మహా కూటమికి జరిగింది ఇంకా విచిత్రమైన సంగతి. కూటమిని నడిపే కార్పొరేషన్‌లోని ఒక డైరెక్టర్ శత్రువర్గమైన గూన్‌స్వార్మ్ వైపు మారి, తన పదవితో వచ్చిన అనుమతిని వాడి కూటమినే రద్దు చేశాడు. ఏళ్ల తరబడి వేలమంది యుద్ధం చేసినా కూలని కూటమి ఒక్క మనిషి చేతితో ఒక్క రోజులో లేకుండా పోయింది. ఇటువంటి ద్రోహం ఈవ్ నియమాలకు విరుద్ధం కాదు, ఆ ఆట స్వభావమే అంత.

ఈ రెండు సంఘటనలను చూపి నియమించే పదవులే ప్రమాదకరమని వాదించేవారు చాలామంది ఉన్నారు. వారితో నేను ఏకీభవించలేను. జాగ్రత్తగా చూస్తే ఆ కూటమిని కూల్చింది చిన్న పదవులు కావు. అన్ని తాళాలకూ సరిపోయే డైరెక్టర్ అనే ఒక్క పెద్ద పదవి. అకౌంటెంట్, ఆడిటర్ అని అంత సూక్ష్మంగా పనులను విభజించిన వ్యవస్థే, వాటన్నిటి పైన మేయరుకు దాదాపు సమానమైన మరికొందరిని కూర్చోబెట్టడం వల్ల ఆ విభజన అక్కరకు రాకుండా పోయింది. అంటే నియామకం వల్ల వచ్చిన చేటు కాదది, విభజనను మధ్యలో ఆపేయడం వల్ల వచ్చిన చేటు. మన పల్లెల్లో ఒకప్పుడు లెక్కలు రాసే కరణం వేరు, శిస్తు వసూలు చేసే మునసబు వేరు. ఆ వ్యవస్థలో ఎన్ని అన్యాయాలున్నా, డబ్బు పట్టే చెయ్యీ లెక్క రాసే చెయ్యీ ఒకటే కాకూడదన్న ఆలోచన మాత్రం ఆటలోని ఖజానాకూ అక్షరాలా వర్తిస్తుంది.

చిన్న ఊళ్ల సంగతికి వస్తే మైన్‌క్రాఫ్ట్ సర్వర్లలో వాడే టౌనీ అనే ప్లగిన్ (సర్వర్‌కు అదనంగా చేర్చే ప్రోగ్రాం) మన పాఠకుల్లో ఎక్కువమందికి పరిచయమై ఉంటుంది. మేయరు కింద అసిస్టెంట్, షెరిఫ్, హెల్పర్ వంటి హోదాలు అందులో ముందే ఉంటాయి. ఏ హోదాకు ఏ ఆజ్ఞలు పనిచేయాలో సర్వర్ యజమాని ఒక ఫైలులో మార్చుకోవచ్చు. నేను కొన్నాళ్లు ఇరవైమంది ఉన్న అలాంటి ఊరిలో అసిస్టెంటుగా ఉన్నాను. మా మేయరు సెమిస్టర్ పరీక్షలకు వెళ్లిన ఆరు వారాలూ కొత్తవారిని చేర్చుకోవడం, ప్లాట్లు కేటాయించడం, రోజువారీ పన్ను కట్టలేక వెనకబడినవారితో మాట్లాడటం నేనే చేశాను. ఊరు ఆగలేదు. అయితే ఆ ఆరు వారాల్లో ఖజానాలోంచి సొమ్ము తీసే అనుమతి కూడా నా దగ్గరే ఉండటం నన్ను చివరిదాకా ఇబ్బంది పెట్టింది. రోడ్డు వేయడానికి తీసిన సొమ్ముకు నేను లెక్క రాసుకున్నాను, కానీ ఆ లెక్క నిజమో కాదో చూడగలిగిన వారు ఎవరూ లేరు. మేయరు తిరిగి వచ్చాక ఒక సభ్యుడు అనుమానంగా అడిగిన ఒక్క ప్రశ్నకు నా దగ్గర మాట తప్ప రుజువు లేకపోయింది. నిజాయితీగా పనిచేసేవారికి రక్షణగానైనా లావాదేవీల చిట్టా అందరికీ కనిపించాలని నేను ఆ రోజునుంచి గట్టిగా నమ్ముతున్నాను.

తెలుగువారు పెద్ద సంఖ్యలో చూసే, ఆడే జీటీఏ (గ్రాండ్ థెఫ్ట్ ఆటో) రోల్‌ప్లే, అంటే పాత్ర పోషణ, సర్వర్లలో ఈ నియామకాలు ఇంకో రూపంలో కనిపిస్తాయి. సర్వర్‌నే సిటీ అని పిలుచుకునే ఆ ఆటలో పోలీసు, డాక్టరు వంటి కొలువులకు దరఖాస్తు పెట్టుకోవాలి, చాలా చోట్ల ముఖాముఖి పరీక్ష కూడా ఉంటుంది. చేరినవారికి హోదా మెట్లు ఉంటాయి, శాఖాధిపతి తన కింది వారిని చేర్చుకోవచ్చు, తీసేయవచ్చు. పదవి అనేది కేవలం అధికారం కాదని, అది ఆటలో చేయదగిన ఒక పని అని ఇక్కడ తేటతెల్లమవుతుంది. ఇల్లు కట్టేశాక, డబ్బు సంపాదించేశాక ఊరిలో ఏం చేయాలో తోచక వెళ్లిపోయే ఆటగాడిని ఆపేది ఇలాంటి పనే.

ఆ పదవులకు కూడా మేయరు నియామకం ఎందుకు, ఎన్నికలే పెట్టవచ్చు కదా అని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. కానీ ముప్పైమంది ఉన్న ఊరిలో అయిదు పదవులకు ఎన్నికలు పెడితే నిలబడేవారు, ఓటు వేసేవారు, ప్రచారం చేసేవారు అందరూ ఆ కొద్దిమందే అవుతారు. పని చేయడానికి ఎవరూ మిగలరు. పైగా ఒకే మనిషి నాలుగు ఖాతాలు తెరవగల లోకంలో ప్రతి కొత్త ఎన్నికా దొంగ ఓట్లకు మరో అవకాశం. మేయరును ఎన్నుకుని, మిగతావారిని మేయరు నియమించి, వారి తప్పులకు మేయరే ఓటర్ల ముందు జవాబు చెప్పుకునే పద్ధతిలో బాధ్యత చెదిరిపోదు. ఎన్నికే కావాలనుకున్న చోట అధికారానికి ఎల్ల గీసిన తీరుకు ఎ టేల్ ఇన్ ది డెజర్ట్ మంచి ఉదాహరణ. ప్రాచీన ఈజిప్టు నేపథ్యంగా 2003లో వచ్చిన ఆ ఆటలో ఆటగాళ్లు ఎన్నుకునే డెమీ ఫరో అనే నాయకుడికి మనుషులను ఆటలోంచి శాశ్వతంగా వెలివేసే భయంకరమైన అధికారం ఉంటుంది, కానీ ఏడుగురిని మాత్రమే. లెక్క పెట్టి ఇచ్చిన అధికారాన్ని ఎవరైనా ఆచితూచి వాడతారు. నియమించే పదవులకు కూడా ఈ ఆలోచనను తెచ్చుకోవచ్చు.

కాబట్టి ఆటగాళ్ల ఊళ్లున్న ఆటలో కొత్తగా పదవులు చేర్చాలనుకునేవారికి నేను చెప్పేది ఇది. పది ఇళ్ల లోపు ఊరికి మేయరు, ఒక ఉపమేయరు చాలు; అంతకుమించి పెడితే ఊరందరూ అధికారులే అవుతారు. ఇరవై దాటిన ఊరికి మూడు పదవులు తెరవాలి: స్థలాలు కేటాయించి కొత్తవారిని చేర్చుకునే అధికారి, కావలి అధికారి, లెక్కల అధికారి. కావలి అధికారి వేసే నిషేధం కొద్ది రోజులకు దానంతట అదే తొలగాలి, శాశ్వత నిషేధానికి మేయరు ఆమోదం తప్పనిసరి కావాలి. లెక్కల అధికారి ప్రతి పైసా కదలికనూ చూడగలగాలి గానీ ఒక్క పైసా తీయలేకపోవాలి. ఖజానాలోంచి ఒక పరిమితికి మించి సొమ్ము తీయాలంటే ఇద్దరి ఆమోదం ఉండాలి. ఊరిని రద్దు చేసే అధికారం ఏ పదవికీ ఇవ్వకూడదు. మేయరు చేసినా అది అమలయ్యే ముందు కొన్ని రోజుల గడువు ఉండాలి, ఆ సంగతి పౌరులందరికీ తెలియాలి. అటువంటి గడువు ఒక్కటి ఉండి ఉంటే 2009లో ఆ కూటమి నిలిచేదే. ఈవ్‌లో పదవి గలవారు ఉన్నపళంగా సంస్థను విడిచిపోకుండా 24 గంటల నిరీక్షణ ఉంది. అదే జాగ్రత్త రద్దుకు కూడా ఉండవలసింది.

మేయరు మారినప్పుడు నియమితులు ఏమవుతారన్నది చాలా ఆటల్లో ఎవరూ ఆలోచించని విషయం. పాత మేయరు మనుషులు తాళాలు పట్టుకుని కూర్చుంటే కొత్త మేయరు గెలిచీ గెలవనట్టే. అందుకని స్థల అధికారి, కావలి అధికారి పదవులు మేయరు పదవీకాలంతోనే ముగియాలి. లెక్కల అధికారి మాత్రం కొత్త మేయరు చిట్టా చూసి ఒప్పుకునేదాకా ఆ పదవిలోనే ఉండాలి.