డేటాబేసు కోటా: తలుపు దించడం మేలా, గడువివ్వడం మేలా?

ఒక డేటాబేసు ఇంత పరిమాణం దాటకూడదని హద్దు పెట్టే సదుపాయం, సైట్ల సమాచారాన్ని దాచే మైఎస్‌క్యూఎల్ అనే సాఫ్ట్‌వేరులో లేదు. అందువల్ల భీమవరం, అమలాపురం వంటి ఊళ్లలో సర్వరు అద్దెకు తీసుకుని చిన్న వ్యాపారులకు హోస్టింగ్ ఇచ్చే మాబోటివాళ్లం ఆ కట్టడిని సొంతంగా అమర్చుకోవలసి వస్తుంది.

మొదటి పద్ధతి డిస్కు కోటా, అంటే సర్వరు డిస్కులో ఒక్కో యూజరుకు ఇంతే చోటని హద్దు పెట్టడం. దీన్ని వెంటనే పక్కన పెట్టవచ్చు. డేటాబేసు ఫైళ్లన్నీ సాధారణంగా మైఎస్‌క్యూఎల్ ఖాతా పేరు మీదే ఉంటాయి కనుక, యూజరువారీ కోటా నిండితే ఒకరి వాడకానికి అందరి సైట్లూ ఆగుతాయి.

హద్దు దాటగానే కొత్తవి చేర్చే ఇన్‌సర్ట్, ఉన్నవి మార్చే అప్‌డేట్ అనుమతులు తీసేసి, చెరిపే డిలీట్‌ను మాత్రం ఉంచడం రెండో పద్ధతి. వినడానికి న్యాయంగానే ఉన్న ఈ పద్ధతిని నేనూ కొన్నాళ్లు నడిపాను. ఒక సాయంత్రం రొయ్యల మేత డీలరు ఒకాయన ఫోన్ చేసి, "పాత ఎంట్రీలన్నీ తీసేశానండీ, ఆయ్, అయినా కొత్త బిల్లు ఎక్కట్లేదండీ" అన్నారు. ఆయన తీసేసిన మాట నిజమే. కానీ మైఎస్‌క్యూఎల్ డిఫాల్టుగా వాడే ఇన్నోడీబీ అనే నిల్వ పద్ధతిలో వరుసలు చెరిపినంత మాత్రాన ఫైలు చిన్నది కాదు. దానికి టేబులును తిరగరాసి ఖాళీని వదిలించే ఆప్టిమైజ్ టేబుల్ అనే ఆదేశం నడపాలి, అది నడపడానికి చదివే సెలెక్ట్‌తో పాటు ఇన్‌సర్ట్ అనుమతి కూడా కావాలి. అంటే బయటపడే దారినీ నేనే మూసేశాను. వర్డ్‌ప్రెస్ సైట్లయితే మరీ కష్టం: లాగిన్ అయ్యారని గుర్తుపెట్టుకునే టోకెన్ కూడా డేటాబేసులోనే రాయాలి కనుక, శుభ్రం చేయడానికి లోపలికి వెళ్లడమే కుదరదు.

అందుకే నా మొగ్గు గడువిచ్చే పద్ధతి వైపు. దాళ్వాకు, అంటే రెండో పంట వరికి, నీరు చాలని ఏడాది కాలువలకు వంతులు వేస్తే రైతుకు ముందుగా తేదీలు చెబుతారు. చెప్పకుండా తూము తలుపు దించితే చేలు ఎండిపోతాయి. 80 శాతం దగ్గర ఒక సందేశం, హద్దు దాటాక వారం గడువు ఇచ్చి, అప్పటికీ తగ్గకపోతేనే అనుమతులు తీయాలి. ఆప్టిమైజ్‌ను మనమే నడిపిపెట్టాలి. దీనికయ్యే ఖర్చు ఆ వారం పాటు మన డిస్కులో కొంత చోటు, అంతే.

కొలతలో ఒక చిక్కుంది. మైఎస్‌క్యూఎల్ 8.0లో పరిమాణపు అంకెలు డిఫాల్టుగా 86,400 సెకన్లు, అంటే ఒక రోజంతా, పాతవి కావచ్చు. కొలిచే సెషన్‌లో ఆ 86,400ను సున్నా చేయకపోతే ఖాళీ చేసినవారికీ హెచ్చరిక వెళుతుంది. తెలుగు సైట్లకు కోటా కాస్త ఉదారంగా ఇవ్వడం కూడా న్యాయం, ఎందుకంటే అక్షరాలను బైట్లుగా దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో ఆంగ్ల అక్షరానికి ఒక బైటు పడితే 'క్ష'కు తొమ్మిది పడతాయి. ఇక ఆప్టిమైజ్ చేసేటప్పుడు టేబులుకు నకలు తయారవుతుంది కనుక, సర్వరులోని అతి పెద్ద టేబులుకు సరిపడా ఖాళీని ఎవరికీ అమ్మకుండా అట్టే పెట్టుకోవాలి.