రాబిట్‌ఎంక్యూ, రెడిస్, కాఫ్కా: ఒక్క లినక్స్ సర్వర్‌తో నెట్టుకొచ్చేవాళ్లకి ఏది మేలు?

విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో వేలంపాటలు తెల్లవారుజామునే మొదలవుతాయి. బోట్లు వరసగా ఒడ్డుకి చేరుతుంటే కొనుగోళ్లలో చాలా భాగం కొద్ది గంటల్లోనే తేలిపోతుంది. అక్కడి టోకు వ్యాపారులకి బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ నడిపే చిన్న జట్టుకి రోజంతా పని ఒక ఎత్తు, ఆ కొద్ది గంటలూ ఒక ఎత్తు. బిల్లు డేటాబేస్‌లోకి ఎక్కాలి, పీడీఎఫ్ తయారవ్వాలి, కొన్నవాళ్ల ఫోన్‌కి ఎస్సెమ్మెస్ వెళ్లాలి. ఇవన్నీ బటన్ నొక్కగానే అక్కడికక్కడే చెయ్యాలని చూస్తే, ఎస్సెమ్మెస్ గేట్‌వే నెమ్మదించిన రోజున గుమాస్తా స్క్రీన్ వంక చూస్తూ కూర్చోవాలి. అందుకే మధ్యలో మెసేజ్ క్యూ. బిల్లు సేవ్ చేసి, మిగతా పనిని క్యూలో పడేస్తే, వెనక నడిచే వర్కర్ ప్రోగ్రాం దాని తీరిక చూసుకుని చేస్తుంది.

ఇంతవరకూ ఎవరికీ పేచీ లేదు. ఏ క్యూ అన్న దగ్గరే వాదన మొదలవుతుంది. రాబిట్‌ఎంక్యూ, రెడిస్, కాఫ్కా మూడూ క్యూగా వాడుకోగల సాఫ్ట్‌వేర్లే. పెద్ద కంపెనీలో కాఫ్కా చూసినవాళ్లు కాఫ్కా అంటారు, వెబ్‌సైట్లు కట్టేవాళ్లు రెడిస్ అంటారు. నా మాట ముందే చెప్పేస్తాను. నాలుగు జీబీ ర్యామ్ ఉన్న ఒకటే ఉబుంటు సర్వర్ మీద, డబ్బుతో ముడిపడ్డ పనికైతే రాబిట్‌ఎంక్యూ. పోయినా కొంప మునగని పనికి రెడిస్. జరిగినదంతా మళ్లీ మొదట్నుంచి చదవాల్సిన అవసరం ఉంటేనే కాఫ్కా.

వేగం చూసి ఎంచుకోవద్దు. సెకనుకి పదో పాతికో బిల్లులు ఈ మూడింటిలో దేనికీ లెక్కలోకి రావు. చూడాల్సింది, పని మధ్యలో క్యూ గానీ వర్కర్ గానీ చచ్చిపోతే ఏమవుతుందన్నది. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను తాకినప్పుడు ఈ ఊళ్లో ఉన్నవాళ్లకి, కరెంటూ ఫోనూ లేకుండా రోజులు గడవడమంటే ఏమిటో వేరే చెప్పనక్కర్లేదు. సర్వర్ ముంబైలోనో హైదరాబాద్‌లోనో క్లౌడ్‌లో ఉంది కదా అనుకున్నా, మెమరీ చాలక కెర్నలే ప్రాసెస్‌ని చంపేయడం, అప్‌డేట్ తర్వాత మిషన్ రీబూట్ అవడం ఎక్కడైనా జరిగేవే.

రెడిస్‌తో మొదలుపెడదాం, ఎందుకంటే పెట్టడం సులువు. ఒక్క ఆప్ట్ కమాండ్‌తో దిగుతుంది, 6379 పోర్ట్‌లో వింటుంది. ఎల్‌పుష్ (LPUSH) కమాండ్‌తో లిస్టులో వేసి, బీఆర్‌పాప్ (BRPOP)తో రెండో చివర్నుంచి తీసుకుంటే క్యూ తయారు. మధ్యాహ్నం భోజనానికి లేచేలోపు నడిచిపోతుంది, చూసినవాళ్లంతా బాగుందంటారు. ప్రమాదమల్లా బీఆర్‌పాప్‌లోనే ఉంది. వర్కర్ మెసేజ్‌ని తీసుకున్న క్షణమే అది లిస్టులోంచి పోతుంది. ఎస్సెమ్మెస్ పంపేలోపు వర్కర్ కూలిపోతే ఆ మెసేజ్ ఇక ఎక్కడా ఉండదు, లాగ్‌లో కూడా జాడ దొరకదు. దీనికి విరుగుడు 6.2 వెర్షన్‌లో వచ్చిన బీఎల్‌మూవ్: తీసుకుంటూనే మెసేజ్‌ని ‘పనిలో ఉన్నవి’ అనే ఇంకో లిస్టులోకి మారుస్తుంది, పనయ్యాక మనం అక్కణ్ణుంచి చెరిపేస్తాం. ఇంతకన్నా పద్ధతిగా కావాలంటే 2018లో 5.0తో వచ్చిన స్ట్రీమ్స్ వాడొచ్చు. అందులో వర్కర్ల గ్రూపు ఉంటుంది, పని పూర్తయిందని ఎక్స్‌అక్‌తో చెప్పాలి, చెప్పనివి పెండింగ్‌లో కనిపిస్తాయి.

రెండో చిక్కు డిస్క్‌ది. మామూలు సెట్టింగులతో రెడిస్ 7 అప్పుడప్పుడూ మెమరీ మొత్తాన్ని ఒక ఫైల్‌గా దించుకుంటుంది, అంతే. గంటలో ఒక్క మార్పయినా ఉంటే గంటకోసారి, 100 మార్పులుంటే ఐదు నిమిషాలకి, 10,000 ఉంటే నిమిషానికి. అంటే సందడి లేని వేళ క్యూలో పడ్డ బిల్లు గంటసేపు మెమరీలోనే ఉండిపోవచ్చు. అందుకే ప్రతి మార్పునీ ఒక ఫైల్ చివర చేర్చే అపెండ్‌ఓన్లీ సెట్టింగ్ ఆన్ చెయ్యాలి. చేశాక కూడా డిస్క్‌కి గట్టిగా రాయడం సెకనుకోసారే, కాబట్టి కరెంటు పోతే ఒక సెకను పని పోయే వీలుంది. ప్రతి మార్పుకీ రాయమంటే రాస్తుంది, కానీ వేగం బాగా తగ్గుతుంది.

ఇంకోటి చెప్పి తీరాలి. అదే రెడిస్‌ని క్యాష్‌గా (తరచూ కావాల్సిన డేటాకి తాత్కాలిక నిల్వగా) కూడా వాడుతూ, మెమరీ నిండితే పాత కీలు తీసెయ్యమని పాలసీ పెట్టి ఉంటే, తీసేసేవాటిలో మీ క్యూ కూడా ఉండొచ్చు. క్యూ కోసం పెట్టే రెడిస్‌ని వేరుగా నడపండి, పాలసీ నోఎవిక్షన్‌లో, అంటే ఏదీ తీసెయ్యకుండా, ఉంచండి. 2024 మార్చిలో రెడిస్ లైసెన్స్ మారాక దాని కోడ్ నుంచే పుట్టిన వాల్కీ (Valkey)కి కూడా ఈ మాటలన్నీ వర్తిస్తాయి.

రాబిట్‌ఎంక్యూ 2007లో మొదలైంది, ఎర్లాంగ్‌లో రాశారు. ఉబుంటు ఇచ్చే ప్యాకేజీ పాతబడి ఉంటుంది గనక దాని సొంత రిపాజిటరీ నుంచి ఎర్లాంగ్‌తో సహా దించుకోవడం మంచిది. మెసేజ్‌లకి 5672 పోర్ట్, ప్లగిన్ ఆన్ చేస్తే మేనేజ్‌మెంట్ పేజీకి 15672. మొదటిసారి పెట్టినవాళ్లు తడబడేది లాగిన్ దగ్గరే. గెస్ట్ అనే యూజర్ అదే మిషన్ మీద మాత్రమే పనిచేస్తాడు, బయట్నుంచి రానివ్వదు. ఆ అడ్డుని తీసెయ్యకండి. కొత్త యూజర్‌నీ, వీహోస్ట్‌నీ (క్యూలకి విడిగా ఉండే గది లాంటిది) చేసి, దానికి పర్మిషన్లు ఇచ్చి, 15672ని ఫైర్‌వాల్‌లో మూసేసి, ఎస్‌ఎస్‌హెచ్ టన్నెల్‌లో చూసుకోండి.

క్యూ డ్యూరబుల్ (రీస్టార్ట్ అయినా నిలిచేది) అని పెట్టేసి చాలామంది నిశ్చింతగా ఉంటారు. క్యూ డ్యూరబుల్ అయినంత మాత్రాన అందులోని మెసేజ్ నిలవదు. మెసేజ్‌ని కూడా పర్సిస్టెంట్‌గా (డిస్క్‌కి రాయమని గుర్తు పెట్టి) పంపాలి, లేకపోతే రీస్టార్ట్ తర్వాత క్యూ ఉంటుంది, లోపల ఖాళీ. ఈ గొడవ లేకుండా 3.8లో వచ్చిన క్వోరమ్ క్యూ వాడటం నయం. అసలు అది మెసేజ్ కాపీల్ని అనేక సర్వర్ల మీద ఉంచడానికి పుట్టినా ఒక్క సర్వర్ మీదా నడుస్తుంది. డిస్క్‌కి గట్టిగా రాశాకే పంపినవాడికి ‘అందింది’ అంటుంది, అయితే పంపేవైపు పబ్లిషర్ కన్ఫర్మ్ (అందినట్టు రసీదు అడిగే సెట్టింగ్) ఆన్ చేసి ఉండాలి. దానికి మెమరీ కాస్త ఎక్కువ కావాలి. మామూలుగా మార్పుల్ని ముందుగా రాసుకునే రైట్-ఎహెడ్ లాగ్ ఒక్కో ఫైల్ 512 ఎంబీ దాకా పెరుగుతుంది, చిన్న సర్వర్‌లో దాన్ని 64 ఎంబీకి దించుకోవాలి. 4.0 నుంచి ఇంకో మార్పు: ఒకే మెసేజ్ 20 సార్లు తిరిగొస్తే క్వోరమ్ క్యూ దాన్ని పక్కన పెడుతుంది, పక్కన పెట్టడానికి డెడ్ లెటర్ క్యూ (పని జరగని మెసేజ్‌లకి వేరే క్యూ) లేకపోతే పారేస్తుంది. ఆ క్యూ మొదటిరోజే కట్టేయండి.

వర్కర్ వైపు ప్రీఫెచ్ (ఒక వర్కర్ ఒకేసారి ఎన్ని మెసేజ్‌లు పట్టుకోవచ్చన్న హద్దు) పెట్టడం మరవకండి. పెట్టకపోతే మొదట కనెక్ట్ అయిన వర్కరే ఉన్నవన్నీ లాగేసుకుంటుంది, రెండోది ఈగలు తోలుకుంటుంది. సర్వర్ హోస్ట్‌నేమ్ మార్చడం కూడా తేలిగ్గా తీసుకోవద్దు. రాబిట్‌ఎంక్యూ డేటా ఫోల్డర్ పేరులోనే హోస్ట్‌నేమ్ ఉంటుంది. మార్చి రీస్టార్ట్ చేస్తే క్యూలూ యూజర్లూ అన్నీ మాయమైనట్టు కనిపిస్తాయి. నిజానికి పాత ఫోల్డర్‌లో భద్రంగానే ఉంటాయి, కానీ ఆ కాసేపు పడే టెన్షన్ అంతా ఇంతా కాదు.

రాబిట్‌ఎంక్యూకి ఓ మొండితనం ఉంది. మెమరీ హద్దు దాటినా, డిస్క్‌లో ఖాళీ మామూలు హద్దయిన 50 ఎంబీ కన్నా తగ్గినా, కొత్త మెసేజ్‌లు తీసుకోవడం ఆపేస్తుంది. ఎర్రర్ ఇవ్వదు, పంపేవాణ్ణి ఆపి ఉంచుతుంది. తీసుకుని పోగొట్టే దానికన్నా తీసుకోననేదే నాకు నమ్మకం. 50 ఎంబీ మాత్రం మరీ తక్కువ, ఒకటి రెండు జీబీలకి పెంచుకోండి.

కాఫ్కా తీరు వేరు. 2011లో లింక్డ్ఇన్ దీన్ని ఓపెన్ సోర్స్ చేసింది. ఇది ఖాతా పుస్తకంలా పనిచేస్తుంది: రాసిన పద్దు చదివాక చెరగదు, చదివేవాళ్లే ఎక్కడిదాకా చదివారో గుర్తు పెట్టుకుంటారు. మామూలుగా 168 గంటలు, అంటే వారం, ఉంచుతుంది. గంగవరం పోర్టు లారీల జీపీఎస్ లాంటిది వస్తుంటే, దాన్ని ఒకరు మ్యాప్ కోసం, ఇంకొకరు డీజిల్ లెక్క కోసం, వచ్చే నెల మరొకరు కొత్త రిపోర్ట్ కోసం చదువుకోవాలంటే కాఫ్కాని మించింది లేదు. 2025 మార్చిలో వచ్చిన 4.0లో, కాఫ్కాకి తోడుగా విడిగా నడపాల్సిన జూకీపర్ పూర్తిగా పోయింది కాబట్టి పెట్టడమూ తేలికైంది: జావా 17, స్టోరేజ్ ఫార్మాట్ చేసే ఒక కమాండ్, ఆపైన స్టార్ట్. బయటి మిషన్ నుంచి కనెక్ట్ అయినట్టే అయి ఆగిపోతుంటే అడ్వర్టైజ్డ్ లిజనర్స్‌లో (కాఫ్కా బయటికి చెప్పే తన చిరునామాలో) లోకల్‌హోస్ట్ ఉందేమో చూడండి. దాదాపు ప్రతిసారీ అదే.

మన బిల్లు ఎస్సెమ్మెస్‌లకి మాత్రం ఇది అతకదు. స్టార్టప్ స్క్రిప్టే జావాకి ఒక జీబీ కేటాయిస్తుంది, నాలుగు జీబీల సర్వర్‌లో అది చిన్న భాగం కాదు. మామూలు కన్స్యూమర్ గ్రూపులో (పని పంచుకునే వర్కర్ల గుంపులో) పనిచేసే వర్కర్లు పార్టిషన్ల, అంటే కాఫ్కా మెసేజ్‌లని విడగొట్టి ఉంచే భాగాల, సంఖ్యని మించలేరు. ఒక నంబర్‌కి ఎస్సెమ్మెస్ వెళ్లక వర్కర్ మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తుంటే ఆ పార్టిషన్‌లో వెనక ఉన్నవన్నీ ఆగుతాయి. పైగా కాఫ్కా ప్రతి మెసేజ్‌నీ డిస్క్‌కి గట్టిగా రాయదు, వేరే సర్వర్ల మీదున్న కాపీల మీద నమ్మకం పెట్టుకుంటుంది. మనకున్నది ఒకటే సర్వర్, కాపీ ఎక్కడిది?

కెర్నల్‌లోనే ఉండే పోసిక్స్ క్యూలు ఉన్నాయి కదా అని అడిగేవాళ్లుంటారు. ఒకే మిషన్‌లో రెండు సీ ప్రోగ్రాములు మాట్లాడుకోవడానికి బాగుంటాయి. మామూలు హద్దు క్యూకి 10 మెసేజ్‌లు, మెసేజ్‌కి 8192 బైట్లు, రీబూట్ చేస్తే అన్నీ పోతాయి. పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ ఇప్పటికే వాడుతుంటే మాత్రం ఒకసారి ఆలోచించండి. 9.5 నుంచి స్కిప్ లాక్డ్ (వేరే వర్కర్ పట్టుకున్న వరసని దాటేయడం) ఉంది, ఒక టేబుల్‌నే క్యూగా వాడుకోవచ్చు. బిల్లూ మెసేజూ ఒకే ట్రాన్సాక్షన్‌లో పడతాయి, ఒకటుండి ఒకటి లేకపోవడం ఉండదు. పని తక్కువైతే అసలు బ్రోకరే (మధ్యలో క్యూ నడిపే సాఫ్ట్‌వేర్) అక్కర్లేదు.

ఏది ఎంచుకున్నా పరీక్ష ఇలా చెయ్యండి. ఒకటి నుంచి 10,000 దాకా నంబర్లేసి మెసేజ్‌లు పంపండి. బ్రోకర్ ‘అందింది’ అన్న ప్రతి నంబర్‌నీ పంపే ప్రోగ్రాం ఒక ఫైల్‌లో రాయాలి, వర్కర్ తను పూర్తి చేసిన నంబర్‌ని ఇంకో ఫైల్‌లో రాయాలి. ఆ ఫైళ్లు వేరే మిషన్ మీద ఉండాలి. నడుస్తుండగా వర్కర్‌ని కిల్ -9 (ప్రోగ్రాంని ఉన్నపళంగా చంపే కమాండ్) కొట్టండి, తర్వాత బ్రోకర్‌ని కొట్టండి. సిస్టమ్‌సీటీఎల్ రీస్టార్ట్‌తో సరిపెట్టొద్దు. మర్యాదగా ఆపితే రెడిస్ మెమరీ అంతా డిస్క్‌కి దించుకుని మరీ ఆగుతుంది, పరీక్ష పాసైనట్టు కనిపిస్తుంది. కిల్ -9 కూడా సరిపోదు. ప్రాసెస్ చచ్చినా అది రాసినవి కెర్నల్ మెమరీలో బతికే ఉంటాయి, కాసేపటికి డిస్క్‌కి చేరతాయి. కరెంటు పోవడాన్ని చూడాలంటే వర్చువల్ మిషన్‌ని బలవంతంగా పవర్ ఆఫ్ చెయ్యాలి. ఆ తర్వాత పెద్ద ఫైల్ ఒకటి పెట్టి డిస్క్ నింపి చూడండి. ఇవన్నీ అసలు సర్వర్ మీద కాకుండా దాని నకలు మీద చెయ్యాలని వేరే చెప్పక్కర్లేదు.

ఇప్పుడు రెండు ఫైళ్లూ సార్ట్ చేసి పోల్చండి. మొదటి దాంట్లో ఉండి రెండో దాంట్లో లేని నంబర్ ఒక్కటి కనిపించినా ఆ సెట్టింగులతో బిల్లులు నడపకూడదు. రెండో దాంట్లో ఒకే నంబర్ రెండుసార్లు కనిపిస్తే కంగారు పడకండి. పని చేసి, చేశానని చెప్పేలోపు వర్కర్ చస్తే, అలా చెప్పించుకునే ఏ క్యూలోనైనా ఆ మెసేజ్ మళ్లీ పనికి రావొచ్చు. దాన్ని ఆపాల్సింది మన కోడ్. ఎస్సెమ్మెస్ పంపే ముందు బిల్లు నంబర్‌ని యూనిక్ కీతో ఒక టేబుల్‌లో రాసి, ముందే ఉంటే వదిలెయ్యాలి. అది లేకపోతే హార్బర్ నుంచి ఫోన్ వస్తుంది: “బాబూ, ఒకే బిల్లుకి రెండు మెసేజీలొచ్చాయేటి? రెండుసార్లు కట్టాలేటి?” ఆయన అడగడంలో తప్పులేదు.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా తూర్పు తీరంలో మరబోట్ల వేట నిషేధం ఉంటుంది. హార్బర్ పని మీద ఆధారపడ్డ సర్వర్‌కి క్యూ మార్చాలన్నా, కొత్త వెర్షన్‌కి వెళ్లాలన్నా ఆ 61 రోజులే అనువైనవి. నడిపించడం మొదలయ్యాక క్యూ పొడవు ఒక్కటే చూస్తే చాలదు, వేలం వేళ అది పెరగడం మామూలే. అన్నిటికన్నా పాత మెసేజ్ ఎన్ని నిమిషాల నుంచి ఎదురుచూస్తోందో చూసి, ఐదు నిమిషాలు దాటితే ఫోన్‌కి అలర్ట్ వచ్చేలా పెట్టుకోండి. ఆ అలర్ట్ మాత్రం అదే క్యూ గుండా పంపకండి.