బెజవాడలో ఎక్కడ దిగితే మేలు? వన్‌టౌనా, గాంధీనగరా, బెంజి సర్కిలా, భవానీపురమా?

ఏటా కార్తీకం దగ్గరపడుతుంటే మా ఇంటికి ఫోన్లు మొదలవుతాయి. "అమ్మవారి దర్శనానికి వస్తున్నాం, మీ ఊళ్లో గది ఎక్కడ తీసుకోమంటావు?" అని. మాది సూర్యారావుపేటలో రెండు గదుల ఇల్లు. నలుగురొస్తే సర్దుకుంటాం గానీ, తొమ్మిది మంది వస్తే పక్కలు వేయడానికి చోటు చాలదు. అందుకే ఇరవై ఏళ్లుగా చుట్టాలకి గదులు చూసిపెట్టే పని నాదే అయింది. మంచి గది దొరికితే వాళ్లు మళ్లీ మళ్లీ వస్తారు. దొరక్కపోతే దర్శనం బాగా జరిగినా ఊరి మీద మనసు విరిగిపోతుంది. అది నాకు బాధ.

నెట్‌లో చూసి "గుడికి రెండు కిలోమీటర్లే కదా" అని గది తీసుకుంటారు చాలామంది. బెజవాడలో ఆ లెక్క పనికిరాదు. కృష్ణ మీది ప్రకాశం బ్యారేజీ దగ్గర మొదలయ్యే ఏలూరు కాల్వ, రైవస్ కాల్వ, బందరు కాల్వ ఊరి మధ్య నుంచే పోతాయి. వాటికి తోడు రైలు పట్టాలు వన్‌టౌన్‌ని ఒక పక్కకి, గవర్నర్‌పేట, గాంధీనగర్‌లని ఇంకో పక్కకి పెట్టేశాయి. వంతెన ఎక్కడుంటే బళ్లన్నీ అక్కడికే చేరతాయి. పొద్దున ఆరింటికి పది నిమిషాల్లో పోయే దారి సాయంత్రం ఆరింటికి ముప్పావుగంట తినేస్తుంది. కాబట్టి నేను ముందు అడిగేవి రెండే ప్రశ్నలు: మీలో అందరికన్నా పెద్దవాళ్లు ఎవరు, వాళ్ల మోకాళ్లు ఎలా ఉన్నాయి? పొద్దున లేవగానే మీరు వెళ్లాల్సింది ఎక్కడికి? అద్దె సంగతి ఆ తర్వాతే.

గుడే ముఖ్యమనుకునేవాళ్లకి మొదట తట్టేది వన్‌టౌన్. దుర్గమ్మ గుడి ఉన్న ఇంద్రకీలాద్రి కొండ పాదాల దగ్గరే ఉంటుంది. కనకదుర్గానగర్ వైపు నుంచి మహామండపం మీదుగా పైకి లిఫ్టు ఉంది. వాన గట్టిగా పడినప్పుడు రాళ్లు జారిపడతాయని ఘాట్ రోడ్డు మూసేస్తుంటారు, అలాంటప్పుడు ఆ దారే దిక్కు. తెల్లవారుజామున స్నానం చేసి చెప్పులు కూడా లేకుండా నడిచి వెళ్లి దర్శనం చేసుకుని రావడం వన్‌టౌన్‌లో దిగినవాళ్లకే కుదురుతుంది. సత్రాలున్నాయి, అద్దెలు తక్కువ. చీరలు కొనాలంటే హోల్‌సేల్ బట్టల మార్కెట్లు పక్కనే. కాళేశ్వరరావు మార్కెట్లో పొద్దున్నే కూరగాయలు, పండ్లు దిగుతుంటే చూడటం పిల్లలకి భలే సరదా.

ఇబ్బంది కూడా అక్కడే ఉంది. అది పాత ఊరు. సందులు ఇరుకు. కారు లోపలికి పోయినా తిప్పుకోవడానికి చోటుండదు. రాత్రి పొద్దుపోయాక సరుకు లారీలు వస్తాయి, హమాలీల కేకలు వినపడతాయి. నిద్ర తేలిగ్గా ఉండేవాళ్లు వీధివైపు గది తీసుకోకూడదు.

మా పెద్దత్తయ్య, అంటే మా నాన్నగారి అక్క, ఒంగోలు నుంచి వచ్చినప్పుడు నేను అక్కడే పొరపాటు చేశాను. మార్కెట్ దగ్గర ఒక లాడ్జికి ఫోన్ చేసి "లిఫ్టు ఉందా?" అని అడిగాను. "ఉందమ్మా" అన్నారు. నిజంగానే ఉంది. కాకపోతే కింద దుకాణాలు, వాటి పైన లాడ్జి ఆఫీసు, ఆ ఆఫీసు దగ్గర మొదలవుతుంది లిఫ్టు. రోడ్డు మీద నుంచి అక్కడికి పద్నాలుగు మెట్లు. నిటారుగా, అరిగిపోయిన కడప రాళ్లు, పట్టుకోవడానికి కడ్డీ లేదు. అత్తయ్యకి డెబ్భై రెండేళ్లు. ఏడో మెట్టు మీద కూర్చుండిపోయింది. "కొండ మెట్లు ఎక్కలేననేగా లిఫ్టులో పోదామనుకున్నాం. ఇక్కడ ఈ మెట్లేంటే అమ్మాయీ?" అంది. కోపంగా కాదు, అలిసిపోయి. చేతిలో సంచీ ఇంకా అలాగే పట్టుకుని ఉంది. ఆ రెండు రోజులూ ఆవిడ గుడికి తప్ప ఇంకెక్కడికీ రాలేదు. దిగితే మళ్లీ ఎక్కాలిగా. బ్యారేజీ మీద దీపాలు చూపిస్తానని మాటిచ్చాను, చూపించలేకపోయాను. అప్పటి నుంచి "లిఫ్టు ఉందా" అని అడగడం మానేశాను. "రోడ్డు నుంచి లిఫ్టు దాకా ఎన్ని మెట్లు?" అని అడుగుతున్నాను. మీరూ అలాగే అడగండి.

ఇక గాంధీనగర్, గవర్నర్‌పేట. రైల్లో వచ్చేవాళ్లకి నేను కళ్లు మూసుకుని చెప్పేది ఇదే. స్టేషన్ నుంచి ఆటో ఎక్కితే కూర్చున్నంత సేపు పట్టదు. పండిట్ నెహ్రూ బస్ స్టేషన్ కూడా దగ్గరే. గుడికి వెళ్లాలంటే రైలు పట్టాల అవతలికి పోవాలి, అదొక్కటే లోటు. పొద్దున్నే ఆరులోపు బయల్దేరితే ఆ లోటు తెలియదు.

తిండి విషయంలో ఈ పేటకి సాటి లేదు. చిన్నపిల్లలతో, షుగర్ మాత్రలు వేసుకునే పెద్దవాళ్లతో వచ్చినప్పుడు, అడుగు బయటపెడితే ఇడ్లీ దొరకడం ఎంత పెద్ద సుఖమో అనుభవించినవాళ్లకి తెలుసు. బాబాయ్ హోటల్లో వెన్నపూస వేసిన ఇడ్లీ, కారప్పొడి కోసం పొద్దున్నే జనం నిలబడతారు. వచ్చినవాళ్లని నేను అక్కడికి తీసుకెళ్లకుండా పంపను. మధ్యాహ్నం భోజనం హోటళ్లకి కొదవే లేదు. సాయంత్రం బీసెంట్ రోడ్డుకి నడిచే వెళ్లొచ్చు. గాజులు, పిల్లల బట్టలు, చెప్పులు, స్టీలు సామాను అన్నీ ఆ ఒక్క రోడ్డులో తెమిలిపోతాయి. పుస్తకాలంటే ఇష్టమున్నవాళ్లు లెనిన్ సెంటర్ దగ్గర పాత పుస్తకాల షాపుల్లో ఒక గంట గడిపేయొచ్చు. జనవరి మొదట్లో వస్తే పుస్తక మహోత్సవం కూడా కలిసొస్తుంది.

స్టేషన్ చుట్టుపక్కల లాడ్జీల్లో ఇంకో సౌకర్యం ఉంది. చాలావాటిలో 24 గంటల లెక్క ఉంటుంది. తెల్లవారుజామున నాలుగింటికి రైలు దిగినా గది ఇస్తారు, మర్నాడు నాలుగింటికి ఖాళీ చేస్తే చాలు. పెద్ద హోటళ్లలో సాధారణంగా మధ్యాహ్నం దాకా గది చేతికి రాదు. రాత్రంతా ప్రయాణం చేసి వచ్చిన పసిపిల్లల తల్లిని సోఫాలో ఏడు గంటలు కూర్చోబెడితే ఎలా ఉంటుందో ఆలోచించండి. బుక్ చేసేటప్పుడే ఈ సంగతి తేల్చుకోండి.

కార్తీకంలో పంచారామాలకి వెళ్లాలనుకునేవాళ్లకి కూడా ఇక్కడే మేలు. అమరావతి, భీమవరం, పాలకొల్లు, ద్రాక్షారామం, సామర్లకోట కలిపి ఆర్టీసీ ప్రత్యేక బస్సులు వేస్తుంది. వేళకాని వేళ బస్టాండుకి చేరాలంటే దగ్గర్లో దిగి ఉండటమే మంచిది. గాంధీనగర్‌లో తీసిపారేయాల్సినవి కూడా ఉన్నాయి. చవకని చూసి కిటికీ లేని గదులు తీసుకోవద్దు. ఒక్క గదైనా ముందు వెళ్లి చూసి, కుళాయి తిప్పి, బాత్రూంలో జారుతుందేమో కాలు పెట్టి చూసి అప్పుడు డబ్బు కట్టండి.

హైదరాబాద్ నుంచి సొంత కారులో వచ్చేవాళ్ల సంగతి వేరు. వాళ్లకి నేను భవానీపురం చెబుతాను. ఒకప్పుడు చెప్పేదాన్ని కాదు. గుడి కింద రోడ్డు మీద లారీలు, బస్సులు, భక్తులు అన్నీ ఒకటే దారి కావడంతో అక్కడ ఇరుక్కుంటే అంతే సంగతులు. 2020 అక్టోబరులో కనకదుర్గ ఫ్లైఓవర్ తెరిచాక దూరం పోయే బళ్లు పైనుంచి పోతున్నాయి, కింద రోడ్డుకి ఊపిరి వచ్చింది. భవానీపురం నుంచి గుడికి కాల్వలూ దాటక్కర్లేదు, పట్టాలూ దాటక్కర్లేదు. కృష్ణ పక్కనే తిన్నగా వచ్చేయడమే. హైదరాబాద్ బస్సులో వచ్చేవాళ్లు కూడా బస్టాండు దాకా పోకుండా గొల్లపూడిలోనో భవానీపురంలోనో దిగిపోవచ్చు.

పిల్లలున్న ఇంటికి ఇది ఇంకా బాగుంటుంది. బెర్మ్ పార్క్ దగ్గర పడవెక్కి భవానీ ద్వీపానికి వెళ్లొచ్చు. వరద ఉన్నప్పుడు మాత్రం పడవలు ఆపేస్తారు, కాబట్టి జులై నుంచి అక్టోబరు దాకా వచ్చేవాళ్లు పిల్లలకి ముందే మాట ఇవ్వకండి. కొండపల్లి కూడా అటు దారే: గొల్లపూడి, ఇబ్రహీంపట్నం మీదుగా ఊళ్లోకి రాకుండానే వెళ్లొచ్చు. తెల్ల పొణికి చెక్కని చెక్కి, చింతగింజల జిగురుతో అతికించి బొమ్మ చేస్తుంటే మా మేనకోడలి కొడుకు గంటసేపు కదల్లేదు. ఖిల్లా చూద్దామన్నా రానన్నాడు. లోటంటారా, తిండికి గాంధీనగర్ అంత వెసులుబాటు ఉండదు, రాత్రి తొమ్మిది దాటాక పిల్లాడికి పాలు కావాలంటే బండి తీయాల్సిందే. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగినప్పుడు ఆ వైపు కొన్ని కాలనీల్లోకి కూడా నీళ్లొచ్చాయి. వానాకాలంలో అయితే లోపలి వీధుల్లో కాకుండా హైవే పక్కన గది చూసుకోవడం మంచిది.

బెంజి సర్కిల్, లబ్బీపేట, బందరు రోడ్డు వైపు గదులు అన్నిటికన్నా శుభ్రంగా, విశాలంగా ఉంటాయి. పార్కింగ్ ఉంటుంది, లిఫ్టు రోడ్డు మట్టానికే ఉంటుంది. పెళ్లికి వచ్చినవాళ్లకి, గన్నవరంలో విమానం దిగేవాళ్లకి, గుంటూరు వైపు పోవాల్సినవాళ్లకి ఇదే సరి. బందరు రోడ్డు మీదే బాపు మ్యూజియం, స్వరాజ్ మైదానంలో 125 అడుగుల అంబేద్కర్ విగ్రహం ఉన్నాయి. షాపింగ్ మాళ్లు ఎలాగూ ఉన్నాయి. కానీ గుడి కోసమే వచ్చినవాళ్లని నేను అటు పంపను. ఊరంతా దాటుకుని రావాలి. అద్దె ఎక్కువ కట్టి, మళ్లీ రోజుకి రెండుసార్లు ఆటోలకి కట్టి, ట్రాఫిక్‌లో టెన్షన్ పడి దేనికి?

ఏటి అవతల తాడేపల్లి, మంగళగిరిలో దిగుదామా అని కొందరు అడుగుతారు. మీ ప్రయాణంలో ఉండవల్లి గుహలు, పానకాల స్వామి ముందుంటే తప్పకుండా దిగండి. పానకాల స్వామి కొండ మీద గుడి మధ్యాహ్నం మూడు దాటాక ఉండదు, సాయంత్రం వెళ్దాంలే అనుకుంటే కిందున్న గుడితో సరిపెట్టుకోవాలి. దగ్గర్లో దిగితే పొద్దున్నే ఎక్కి రావొచ్చు. దుర్గమ్మ దర్శనమే అసలు పనైతే మాత్రం నది దాటి రోజూ రావడం దండగ.

వేసవిలో ఏ పేటైనా ఒక జాగ్రత్త తప్పదు. పై అంతస్తు గది వద్దు. చుట్టూ కొండలున్న ఊరు ఇది. మే నెలలో రాత్రి పదకొండైనా స్లాబు వేడి కక్కుతూనే ఉంటుంది, ఏసీ ఎంత తిప్పినా గది చల్లబడదు. దసరాలో అయితే నా లెక్కంతా తలకిందులవుతుంది. మూలా నక్షత్రం రోజున అమ్మవారు సరస్వతీ దేవిగా దర్శనమిస్తుంది, ఆ రోజు జనాన్ని చెప్పలేం. వినాయకుడి గుడి దగ్గర నుంచే క్యూలైన్లు ఉంటాయి, చుట్టుపక్కల రోడ్లన్నీ మళ్లిస్తారు. అప్పుడు కారున్నా లేనట్టే. నడవగలిగిన వయసువాళ్లైతే వన్‌టౌన్‌లో దిగడమే నయం. మోకాళ్ల నొప్పులవాళ్లని దసరాకి తీసుకురావద్దనే నా మాట. దసరా అయ్యాక ఒక వారం ఆగి తీసుకురండి, అమ్మవారిని తనివితీరా చూస్తారు.

ఈ కార్తీకంలో మా పెద్దత్తయ్య మళ్లీ వస్తోంది. ఈసారి ఏడుగురు, రైల్లో, రెండు రాత్రులు. మొన్న శనివారం గాంధీనగర్‌లో మూడు లాడ్జీలు తిరిగాను. మొదటిదాంట్లో మెట్లు తొమ్మిది. రెండోది అన్నీ బాగుంది గానీ బాత్రూంలో కూర్చోవడానికి వీలుగా లేదు. మూడోదానికి అడ్వాన్సు కట్టేసి ఇంటికొచ్చి ఫోన్ చేశాను. ఆవిడ రైలు సంగతి అడగలేదు, గది అద్దె అడగలేదు.

"మెట్లెన్నే?" అంది.

"రెండే అత్తయ్యా. పక్కన పట్టుకోవడానికి కడ్డీ కూడా ఉంది. ఈసారి బ్యారేజీ దీపాలు చూద్దాం."